ఈసీజీ యంత్రం పనితీరు పరీక్షకు ఏ పరికరం కొనాలి? సిమ్యులేటర్ ఒక్కటే సరిపోతుందా?

తీగలవాడు

అందరికీ నమస్కారం. గుంటూరు, నరసరావుపేట, బాపట్ల చుట్టుపక్కల చిన్న ఆసుపత్రులకు, డయాగ్నస్టిక్ సెంటర్లకు పరికరాల మరమ్మతు చేస్తుంటాను. ఇద్దరం మనుషులం, ఒక మోటారు సైకిలు, ఒక సంచి. ఇన్నాళ్లూ ఈసీజీ యంత్రం బాగుచేశాక నా చేతులకే క్లాంపులు తగిలించుకుని ఒక రికార్డు తీసేవాడిని. గీత శుభ్రంగా ఉంటే సంతకం పెట్టించుకుని వచ్చేవాడిని.

గత నెల ఒక ఆసుపత్రి వారు ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రులకు నాణ్యత గుర్తింపు ఇచ్చే సంస్థ) తనిఖీకి సిద్ధమవుతూ, కొలిచిన విలువలతో నివేదిక కావాలని, కొలిచిన పరికరానికి కాలిబ్రేషన్ సర్టిఫికెట్ కూడా జతచేయాలని అడిగారు. నా గుండెకు సర్టిఫికెట్ ఎవరిస్తారు?

చేతిలో 3 లక్షల రూపాయల వరకు ఉన్నాయి. రోగి గుండె సంకేతాలను కృత్రిమంగా ఇచ్చే 12 లీడ్ల (12 కోణాల గీతల) పేషెంట్ సిమ్యులేటర్ కొనాలా? నా దగ్గరున్న, రకరకాల తరంగాలు పుట్టించే ఫంక్షన్ జనరేటర్‌కే వోల్టేజి తగ్గించే ఒక డివైడర్ కట్టుకోవాలా? లేక ప్రమాణాల పరీక్షల కోసమే తయారుచేసే ప్రత్యేక టెస్టర్లు ఉన్నాయంటున్నారు, అటు వెళ్లాలా? అనుభవం ఉన్నవారు చెప్పండి.

పాతమీటరు

తీగలవాడు గారూ, చేతులకు క్లాంపులు తగిలించుకున్న పాపం మేమందరం చేసినదే. కేబుల్ తెగలేదని తప్ప దానివల్ల ఏమీ తెలియదు. మీ గుండె ఆ పూట ఎన్ని మిల్లీవోల్టులు ఇచ్చిందో మీకే తెలియనప్పుడు యంత్రం దాన్ని సరిగా చూపిందో లేదో ఎలా చెబుతారు?

ఇంకొక పొరపాటు గురించి కూడా ముందే హెచ్చరిస్తాను. రికార్డు మొదట్లో 1 మిల్లీవోల్టు గుర్తు 10 మి.మీ. ఎత్తున అచ్చవుతుంది కదా, దాన్ని చూసి గెయిన్ (సంకేతాన్ని పెంచే మోతాదు) బాగుందని రాసేవారిని చాలామందిని చూశాను. పాత సూది యంత్రాలలో ఆ బటన్ నొక్కితే నిజంగానే ఒక మిల్లీవోల్టు యాంప్లిఫయర్ గుండా వెళ్లేది. నొక్కిపెట్టి ఉంచితే గీత పైకి ఎగిరి మెల్లగా దిగేది. 37 శాతానికి దిగడానికి 3.2 సెకన్లు, అంటే 25 మి.మీ. వేగంలో 80 మి.మీ. కాగితం పడితే కింది ఫ్రీక్వెన్సీ (యంత్రం పట్టగల నెమ్మదైన సంకేతాల హద్దు) 0.05 హెర్ట్‌జ్ దగ్గర ఉన్నట్టే. స్కేలు ఒక్కటి ఉంటే పని జరిగేది. ఇప్పటి డిజిటల్ యంత్రాలలో చాలావాటిలో ఆ గుర్తును సాఫ్ట్‌వేరే గీస్తుంది. లోపల యాంప్లిఫయర్ సగం చచ్చినా ఆ గుర్తు మాత్రం నిండుగా పది మిల్లీమీటర్లు నిలబడి ఉంటుంది.

మిల్లీవోల్టు

నేను హైదరాబాద్‌లో ఒక చిన్న సంస్థలో ఈసీజీ యంత్రం తయారీ వైపు పనిచేస్తాను. మా బల్ల మీద ఉన్నవి చూసి మీరు కొనకండి, డబ్బు దండగ. మా ప్రశ్న వేరు, మీ ప్రశ్న వేరు.

కొత్త యంత్రం రూపొందించినప్పుడు అది ఐఈసీ (అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ) 60601-2-25 ప్రమాణానికి నిలుస్తుందా అన్నది మా ప్రశ్న. మానిటర్ అయితే 2-27, రోగి ఒంటి మీదే ఉంచి రికార్డు చేసే హోల్టర్ అయితే 2-47. దానికి వేల్‌టెక్ వంటి సంస్థలు ప్రమాణంలోని సర్క్యూట్‌ను యథాతథంగా డబ్బాలో పెట్టి అమ్మే టెస్టర్లు కావాలి. ఇన్‌పుట్ ఇంపిడెన్స్ (వచ్చే సంకేతానికి యంత్రం చూపే నిరోధం), ±300 మిల్లీవోల్టుల డీసీ ఆఫ్‌సెట్, పేస్‌మేకర్ పల్సులు, అన్నీ కంప్యూటర్ నుంచి నడుస్తాయి. యంత్రం తానే పీఆర్, క్యూటీ వ్యవధులు కొలిచి చెప్పేదైతే సీటీఎస్, సీఎస్‌ఈ అనే ప్రామాణిక ఈసీజీ డేటాబేస్‌ల తరంగాలను అన్ని లీడ్లలో ఒకేసారి వినిపించగల బహుళ చానళ్ల పరికరం కూడా కావాలి.

పదేళ్ల కిందట పాసైన యంత్రం ఇంకా అలాగే ఉందా అన్నది మీ ప్రశ్న. దానికి అందులో పదో వంతు పరీక్షలు చాలు. మంచి సిమ్యులేటర్ కొనండి. ఫ్లూక్, రైగెల్, నెటెక్, ఏదైనా సరే, స్పెసిఫికేషన్ కాగితంలో ఒక్క వరుస వెతకండి. ఆంప్లిట్యూడ్ ఖచ్చితత్వం ఎంత, అది ఏ తరంగానికి, ఏ లీడ్‌కు? ప్రమాణం యంత్రానికి ఇచ్చే వెసులుబాటు ±5 శాతం. మీ సిమ్యులేటర్‌ది కూడా ±5 శాతమే అయితే ఎవరి తప్పు ఎవరిదో తేలదు. ±1 శాతం ఉంటే హాయి, ±2 అయితే సర్దుకోవచ్చు.

పాతమీటరు

సిమ్యులేటర్ కొనమనడం సరే. కానీ మిల్లీవోల్టు గారూ, ఫంక్షన్ జనరేటర్‌ను అంత తేలికగా పక్కన పెట్టకండి. 100 కిలో ఓములు, 100 ఓములు, 0.1 శాతం రెసిస్టర్లు రెండు చాలు, 1000కి 1 డివైడర్ తయారు. ఒక వోల్టు ఇస్తే ఒక మిల్లీవోల్టు వస్తుంది. ఒక వోల్టును మామూలు మల్టీమీటరుతో ఎవరైనా కొలుస్తారు. సిమ్యులేటర్ ఇచ్చే ఒక మిల్లీవోల్టును ఎవరు కొలుస్తారు?

ఇంకా ఒక సుఖం ఉంది. ఆ మిల్లీవోల్టును ఎల్ (ఎడమచేయి) తీగ ఒక్కదానికే ఇచ్చి, మిగిలినవన్నీ కలిపి జనరేటర్ కామన్‌కు కట్టండి. లీడ్ 1లో 10 మి.మీ. పైకి, లీడ్ 2లో ఏమీ రాదు, లీడ్ 3లో 10 మి.మీ. కిందికి. ఏవీఎల్‌లో 10 పైకి, ఏవీఆర్, ఏవీఎఫ్‌లలో 5 చొప్పున కిందికి. ఛాతీ లీడ్లు ఆరింటిలోనూ 3.3 కిందికి, ఎందుకంటే విల్సన్ మధ్యబిందువు మూడు అవయవ తీగల సగటు. తర్వాత ఆర్‌కు (కుడిచేయి), ఆపైన ఎఫ్‌కు (ఎడమకాలు) ఇవ్వండి. ఈసీజీకి ఆద్యుడైన ఐంథోవెన్ మహానుభావుడికి 1924లో నోబెల్ వచ్చింది. ఆయన చెప్పిన లీడ్ 1 + లీడ్ 3 = లీడ్ 2 లెక్క కాగితం మీద కళ్లకు కనిపిస్తుంది. పది నిమిషాల పని.

కొలతలపిచ్చి

విశాఖపట్నంలో ఒక పరీక్షా ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. పాతమీటరు గారి డివైడర్‌తో నాకు పేచీ లేదు, ప్రమాణంలోని సర్క్యూట్‌లో ఉన్నదీ అలాంటి డివైడరే. పేచీ అంతా జనరేటర్‌తోనే. కరెంటుతో నడిచే జనరేటర్‌కు ఎర్త్ ఉంటుంది. దాని కామన్ ఎర్త్‌కు కలిసి ఉంటే గీత నిండా 50 హెర్ట్‌జ్ హోరు వస్తుంది. అప్పుడు మనవాడు చేసే మొదటి పని హమ్ ఫిల్టర్ వేయడం. ఫిల్టర్ వేశాక కొలిచేది యంత్రాన్ని కాదు, ఫిల్టర్‌ను. బ్యాటరీతో నడిచే జనరేటర్ అయితేనే బయట వాడండి.

ఎలాగూ చెబుతున్నాను కాబట్టి, పరీక్ష ఏదైనా సరే, మొదలుపెట్టే ముందు హమ్ ఫిల్టర్, కండరాల ఫిల్టర్, బేస్‌లైన్ ఫిల్టర్ మూడింటి స్థితినీ నివేదికలో రాయండి. మా దగ్గరకు వచ్చే తగాదాల్లో సగం ఇక్కడే తేలిపోతాయి.

నైట్‌డ్యూటీ

నేను ఇంజినీరును కాను, పన్నెండేళ్లుగా ఈసీజీ టెక్నీషియన్‌ను. మీరు చెప్పే కిలో ఓములు నాకు తెలియవు కానీ ఒక మాట చెప్పాలనిపించింది. మరమ్మతుకు వచ్చేవారిలో చాలామంది వెళ్లేటప్పుడు ఫిల్టర్లు మార్చిన చోటనే వదిలేసి వెళతారు. తర్వాత రోజు నాకు గీత గడ్డి దుబ్బులా వస్తుంది. లేదంటే 25 హెర్ట్‌జ్ ఫిల్టర్ వేసి వెళతారు, గీత అద్దంలా ఉంటుంది, డాక్టరు గారు ఆర్ తరంగం పొట్టిగా ఉందేమని నన్ను అడుగుతారు. వచ్చినప్పుడు సెట్టింగులు ఫోటో తీసుకుని వెళ్లేటప్పుడు అలాగే పెట్టి వెళ్లండి, దయచేసి.

తీగలవాడు

నైట్‌డ్యూటీ గారూ, ఆ తప్పు నేనూ చేశాను, ఇక చేయను.

నిన్న విజయవాడలో ఒక మిత్రుడి దగ్గర సిమ్యులేటర్ అరువు తెచ్చి మూడు యంత్రాలు చూశాను. 60 బీపీఎం, 1 మిల్లీవోల్టు పెట్టాను. రెండింటిలో లీడ్ 2 సరిగ్గా 10 మి.మీ. ఉంది. లీడ్ 1 మాత్రం 7 మి.మీ., లీడ్ 3 అయితే 3 మి.మీ. రెండు యంత్రాలూ ఒకేలా పాడవుతాయా? పైగా మూడో దాంట్లో తరంగాలు కొన్ని తలకిందులుగా వచ్చాయి.

కొలతలపిచ్చి

యంత్రాలు బాగానే ఉన్నాయి. చాలా సిమ్యులేటర్లలో మీరు పెట్టే మిల్లీవోల్టు లీడ్ 2కు మాత్రమే వర్తిస్తుంది. లీడ్ 1లో దానిలో 70 శాతం, లీడ్ 3లో 30 శాతం ఇస్తారు, నిజమైన గుండె గీతలా కనిపించాలని. ఐంథోవెన్ లెక్క కూడా కుదిరింది చూడండి, 7 + 3 = 10. ఛాతీ లీడ్లకు వేరే శాతాలు ఉంటాయి, మాన్యువల్‌లో పట్టిక చూసి ఆ అంకెలను మీ నివేదిక ఫారంలోకి ఎక్కించుకోండి. అలా చేయకపోతే మంచి యంత్రాన్ని విప్పి గెయిన్ తిప్పేసే ప్రమాదం ఉంది. అలా తిప్పేసిన యంత్రం ఒకటి మా దగ్గరకు వచ్చింది కూడా.

సిమ్యులేటర్ పుట్టింది తరంగాన్ని చూపించడానికి, శిక్షణకు. కొలతకు వాడుకోవచ్చు, కానీ దాని భాష తెలుసుకుని వాడాలి.

నైట్‌డ్యూటీ

తలకిందులు ఎందుకొచ్చాయో నేను చెబుతాను. రంగులు. మన దగ్గర ఎక్కువగా కుడిచేయి ఎరుపు, ఎడమచేయి పసుపు, ఎడమకాలు ఆకుపచ్చ, కుడికాలు నలుపు. అమెరికా పద్ధతిలో కుడిచేయి తెలుపు, ఎడమచేయి నలుపు, ఎడమకాలు ఎరుపు, కుడికాలు ఆకుపచ్చ. సిమ్యులేటర్ మీద ఒక పద్ధతి రంగులు, కేబుల్‌కు ఇంకో పద్ధతి రంగులు ఉంటే, రంగు చూసి తగిలించినవారికి ఇదే గతి. రంగు చూడకండి, అక్షరాలు చదవండి. మా దగ్గర ఒకసారి కొత్తగా చేరిన అమ్మాయి మంచి ఉద్దేశంతోనే ఇలా తగిలించింది, రోగికి లేని గుండెపోటు కాగితం మీద వచ్చింది.

తీగలవాడు

అదే జరిగింది! ఎరుపును ఎరుపుకు పెట్టాను. సిగ్గుగా ఉంది.

అయితే గెయిన్, వేగం చూస్తే సరిపోతుందా? కాగితం వేగానికి ఐదు ఆర్-ఆర్ వ్యవధులు (ఒక ఆర్ శిఖరం నుంచి తర్వాతి దాని వరకు) కొలిచాను, 125 మి.మీ. రావలసిన చోట రెండింటిలో 125, ఒక పాతదానిలో 117 వచ్చింది. రోలర్ అరిగింది.

మిల్లీవోల్టు

117 అంటే 6 శాతం పైన తేడా, ±5 దాటింది. గుండె 60 కొట్టుకుంటుంటే పెట్టెలు లెక్కపెట్టే డాక్టరుకు 64గా కనిపిస్తుంది. అది చిన్న విషయమే, క్యూటీ కూడా కుంచించుకుపోతుంది కదా, అది చిన్నది కాదు. రోలర్ మార్చండి.

ఇక గెయిన్, వేగం సరిపోతాయా అంటే నా దృష్టిలో సరిపోవు. నిజంగా మనిషికి హాని చేసే లోపం కింది ఫ్రీక్వెన్సీలో దాగి ఉంటుంది. ఎస్‌టీ భాగం (గుండెపోటు గుర్తులు వెతికే చోటు) నెమ్మదైన సంకేతం. యంత్రం 0.05 హెర్ట్‌జ్ నుంచి పనిచేయాల్సి ఉండగా ఎవరో మానిటర్ మోడ్‌లో, 0.5 హెర్ట్‌జ్ దగ్గర వదిలేశారనుకోండి. లేని ఎస్‌టీ మార్పు కనిపించవచ్చు, ఉన్నది మాయమూ కావచ్చు.

ప్రమాణంలో దీనికి ఒక ముచ్చటైన పరీక్ష ఉంది. 3 మిల్లీవోల్టుల పల్సును 100 మిల్లీసెకన్ల పాటు ఇస్తారు. పల్సు ముగిశాక గీత అసలు మట్టం నుంచి 0.1 మిల్లీవోల్టుకు మించి కిందికి పోకూడదు, తిరిగి వచ్చే వాలు సెకనుకు 0.3 మిల్లీవోల్టు దాటకూడదు. మామూలు 0.05 హెర్ట్‌జ్ ఫిల్టర్‌కు లెక్క వేస్తే దిగుడు 0.09 మిల్లీవోల్టుల చిల్లర వస్తుంది, అంటే కాగితం మీద మిల్లీమీటరు లోపు. 0.5 హెర్ట్‌జ్ ఫిల్టర్‌కైతే 0.8 మిల్లీవోల్టు, 8 మి.మీ. గుంట! చూపు మందగించినవారికి కూడా కనిపిస్తుంది. ఈ పల్సు మామూలు సిమ్యులేటర్లలో ఉండదు. మీ జనరేటర్, డివైడర్ ఉన్నాయి కదా, పల్సు మోడ్‌లో పెట్టుకోండి. పాతమీటరు గారూ, మీ మాట ఒప్పుకుంటున్నాను.

జనరేటర్ వెంట తీసుకువెళ్లలేని చోట సిమ్యులేటర్‌లోని 2 హెర్ట్‌జ్ స్క్వేర్ వేవ్ చూడండి. పై అంచు కొద్దిగా వాలి ఉంటే ఫరవాలేదు, 0.05 అయితే అర చక్రంలో 8 శాతం లోపే వాలుతుంది. సగానికి పడిపోతే ఎవరో ఫిల్టర్‌తో ఆడుకున్నట్టే.

పాతమీటరు

ఒప్పుకున్నందుకు సంతోషం. ఇంకొకటి కూడా చేతిపని చెబుతాను. 620 కిలో ఓముల రెసిస్టర్, దానికి సమాంతరంగా 4.7 నానోఫారడ్ కెపాసిటర్. ఈ జతను ఒక్కొక్క తీగకు శ్రేణిలో పెట్టండి. సైన్ వేవ్ ఇచ్చి, జత లేకుండా ఎత్తు ఎంత, ఉంటే ఎంత అని చూడండి. 20 శాతానికి మించి తగ్గకూడదు. ఎందుకు 20? యంత్రం ఇన్‌పుట్ కనీసం 2.5 మెగా ఓములు ఉండాలని నియమం. 2.5ని 3.12తో భాగించండి, 0.8 వస్తుంది. మంచి యంత్రంలో 10 మి.మీ. 9.4 అవుతుంది, కొన్నిటిలో అసలు తగ్గదు.

సిమ్యులేటర్ ఒక్కదానితో ఇది ఎప్పటికీ బయటపడదు. దాని అవుట్‌పుట్ ఇంపిడెన్స్ చాలా తక్కువ, యంత్రం ఇన్‌పుట్ చెడిపోయినా గీత చక్కగానే వస్తుంది. అదే యంత్రాన్ని ఎండిన చర్మం ఉన్న ముసలాయనకు పెడితే గీత కుంగిపోతుంది. అప్పుడు అందరూ జెల్లును తిడతారు.

కొలతలపిచ్చి

ఇది మంచి సలహా. అయితే ఇక్కడితో ఆగండి. ఇంపిడెన్స్ డబ్బా చేశాం కదా అని కామన్ మోడ్ పరీక్ష (తీగలన్నిటికీ ఒకేసారి తగిలే హోరును యంత్రం ఎంత అణచగలదో చూసేది) కూడా ఇంట్లో కట్టుకుందామని మొదలుపెట్టకండి. అందులో 20 వోల్టుల 50 హెర్ట్‌జ్‌ను 100 పికోఫారడ్ల గుండా ఇస్తారు. మరో 100 పికోఫారడ్లు ఎర్త్‌కు ఉంటాయి, కాబట్టి మధ్యలో 10 వోల్టులు నిలుస్తాయి. ఒక్కొక్క తీగలో వంతుల వారీగా 51 కిలో ఓములు, 47 నానోఫారడ్ల అసమానత పెడతారు. హమ్ ఫిల్టర్ ఆపి చూస్తే గీతలో హోరు 10 మి.మీ. మించకూడదు. లెక్క కడితే దాదాపు 89 డెసిబెల్స్. చెప్పడానికి తేలికే. కానీ 100 పికోఫారడ్లు అంటే మీరు చేయి దగ్గరకు తెస్తే మారిపోయేంత చిన్న విలువ. లోహపు పెట్టె, కవచం, లోపలి కెపాసిటెన్స్‌ను సరిదిద్దే ట్రిమ్మర్, అన్నీ కావాలి. అది యంత్రం డిజైన్‌ను పరీక్షించేది, వాడుకతో సాధారణంగా మారేది కాదు. మీకు అక్కర లేదు.

దాని బదులు తీగలన్నీ ఒకచోట కలిపి కట్టి, గెయిన్ మిల్లీవోల్టుకు 20 మి.మీ.కి పెట్టి, ఫిల్టర్లు ఆపి పది సెకన్లు తీయండి. ప్రమాణంలో నాయిస్ హద్దు 30 మైక్రోవోల్టులు, అంటే ఆ గెయిన్‌లో 0.6 మి.మీ. ప్రమాణంలోని పరీక్షలో ప్రతి తీగలోనూ 51 కిలో ఓముల జత ఉంటుంది కాబట్టి ఇది దానికి సమానం కాదు, అయినా గీత మందానికి మించి వణుకు కనిపిస్తే ఏదో ఉందని అర్థం.

డీఫిబ్రిలేటర్ (గుండెకు షాక్ ఇచ్చే యంత్రం) రక్షణ పరీక్ష ఊసు కూడా ఎత్తకండి. 5 కిలోవోల్టులు అది. ఆసుపత్రి యంత్రం మీద ఎవరూ చేయరు.

మిల్లీవోల్టు

డీఫిబ్రిలేటర్ మాట వచ్చింది కాబట్టి, కేబుళ్ల సంగతి. కొన్ని యంత్రాలలో ఆ రక్షణకు పెట్టే రెసిస్టర్లు కేబుల్‌లోనే ఉంటాయి, తీగకు 10 కిలో ఓములు సాధారణం. కొన్నిటిలో యంత్రం లోపల ఉంటాయి. కనెక్టర్ ఒకటే కావడంతో చౌకగా దొరికిన కేబుల్ తెచ్చి పెట్టేస్తారు. గీత బ్రహ్మాండంగా వస్తుంది. రక్షణ మాత్రం పోయింది, అది షాక్ ఇచ్చిన రోజున తెలుస్తుంది. మల్టీమీటరుతో పది తీగలూ కొలిచి, పాత కేబుల్ విలువతో పోల్చండి. రెండు నిమిషాలు.

తీగలవాడు

ఇది నాకు కొత్త. నా దగ్గరున్న కేబుళ్లు కొలిచాను, నాలుగింటిలో 10 కిలో ఓములు, రెండింటిలో సున్నా. ఆ రెండూ ఎక్కడ పెట్టానో గుర్తు తెచ్చుకోవాలి ఇప్పుడు.

విద్యుత్ భద్రత పరీక్షకు వేరే పరికరం కావాలా?

కొలతలపిచ్చి

కావాలి. సేఫ్టీ ఎనలైజర్ వేరు, దాన్ని సిమ్యులేటర్‌తో కలపకండి. మరమ్మతు తర్వాత చేసే పరీక్షకు ఐఈసీ 62353 చూడండి, 60601-1 కాదు. ఎర్త్ నిరోధం కరెంటు తీగతో కలిపి 0.3 ఓము లోపు, సీఎఫ్ రకం (గుండెకు నేరుగా తగిలినా ప్రమాదం లేకుండా చేసినవి) రోగి తీగల లీకేజి 50 మైక్రోఆంపియర్ల లోపు. మీ పనిభారానికి మొదట్లో అద్దెకు తెచ్చుకోవడమే నయం.

సర్టిఫికెట్ గురించి ఒక మాట, ఇది ఎవరూ చెప్పరు. సిమ్యులేటర్‌ను కాలిబ్రేషన్‌కు పంపితే కొన్నిచోట్ల 60, 80, 120 బీపీఎం అని గుండె వేగాలు మాత్రమే కొలిచి ముద్ర వేసి పంపుతారు. వేగాన్ని ఇచ్చేది క్వార్ట్‌జ్ స్ఫటికం, అది మారడం అరుదు. మారేది ఆంప్లిట్యూడ్. ముందే ల్యాబ్‌కు రాతపూర్వకంగా చెప్పండి, 0.5, 1, 2 మిల్లీవోల్టుల దగ్గర విలువలు, అనిశ్చితితో సహా కావాలని. ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్ అయినా సరే, ఆ గుర్తింపు పరిధిలో ఈ కొలత ఉందో లేదో చూడండి.

పాతమీటరు

ముద్ర ఉంటే చాలనుకునే తనిఖీదార్లు ఉన్నంతకాలం వేగాల సర్టిఫికెట్లు నడుస్తూనే ఉంటాయిలెండి.

తీగలవాడు

మూడు వారాల తర్వాత వస్తున్నాను. చేసిన పని చెబుతాను.

వాడిన 12 లీడ్ల సిమ్యులేటర్ ఒకటి దొరికింది, ±2 శాతం రకం. ఆంప్లిట్యూడ్ విలువలతో కొత్త సర్టిఫికెట్ చేయించాకే డబ్బు ఇచ్చాను. నా జనరేటర్ బదులు బ్యాటరీతో నడిచే చిన్నది తీసుకున్నాను. డివైడర్, 620 కిలో ఓముల డబ్బా నేనే కట్టాను, ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాలో. భాగాలన్నిటికీ రెండు వందలు కూడా కాలేదు. సేఫ్టీ ఎనలైజర్ అద్దెకు. బడ్జెట్‌లో ఇంకా మిగిలింది.

ఆ సున్నా కేబుళ్లు రెండూ వెతికి మార్చాను.

అసలు సంగతి ఇది. ఒక క్లినిక్‌లో “ఈ యంత్రం కొందరికి బాగా తీస్తుంది, కొందరికి తీయదు” అని రెండేళ్లుగా గోల. నేనే మూడుసార్లు వెళ్లి, నా చేతులకు పెట్టుకుని, బాగుందని సంతకం తీసుకున్నాను. ఈసారి సిమ్యులేటర్ పెడితే మళ్లీ అన్నీ సరిగ్గానే వచ్చాయి. డబ్బా పెట్టాను. ఆర్, ఎల్ తీగలకు 10 మి.మీ. 9.5 అయింది. ఎఫ్ తీగకు పెట్టేసరికి 5.5కు పడింది. కేబుల్ మార్చినా అంతే. విప్పి చూస్తే కనెక్టర్ లోపల, ఎఫ్ పిన్ చుట్టూ, ఎప్పుడో కారి ఎండిపోయిన జెల్లు పొర. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి ఆరబెట్టాను. 9.5.

నైట్‌డ్యూటీ

రెండేళ్లు ఆ టెక్నీషియన్‌ను ఎంతమంది తిట్టి ఉంటారో. వెళ్లి ఆమెకు చెప్పారా?

తీగలవాడు

చెప్పాను. రెండు రికార్డులూ పక్కపక్కన పెట్టి చూపించాను. ఆమె ఏమీ అనలేదు, కాగితం అడిగి తీసుకుంది.

పాతమీటరు

ఆ టిఫిన్ డబ్బా మీద లోపలి విలువలు రాసి అతికించండి, తేదీతో సహా. నేను కట్టిన డబ్బాల్లో మూడింటిలో ఏమున్నాయో గుర్తులేక మొన్ననే విప్పి చూడాల్సి వచ్చింది. ఒకదానిలో నిజంగానే పచ్చడి వాసన వచ్చింది.